గురి సాధనాల ఎంపిక: దూరం, నియమం, కన్ను – హైదరాబాద్ షూటింగ్ క్రీడ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

రైఫిల్ కొనదలచినవారు, షూటింగ్ క్రీడలో కొత్తగా చేరినవారు గురి సాధనం గురించి సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న “ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుంది?” అన్నది. ఈ ప్రశ్న చివరగా అడగవలసినదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కాల్చే దూరం, వర్తించే నియమం, కాల్చేవారి కంటి స్థితి అనే మూడు అంశాలు తేలిన తరువాతనే సాధనం ఎంపిక అర్థవంతమవుతుంది. తెరచిన గురి, పీప్ సైట్, టెలిస్కోపిక్ స్కోప్, ఎర్రచుక్క గురి అనే నాలుగు రకాల సాధనాల పనితీరును, వాటి కొలమానాలను వివరించడం, వేటకు సంబంధించిన చట్టపు పరిధిని గుర్తుచేయడం, కొనుగోలుకు ముందు పాటించదగిన క్రమాన్ని సూచించడం ఈ వ్యాస లక్ష్యాలు.

కీలకపదాలు: గురి, పీప్ సైట్, స్కోప్, పారలాక్స్, కోణ నిమిషం, షూటింగ్ క్రీడ, హైదరాబాద్.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘గురి’ అనే మాటకు లక్ష్యం అనే అర్థమూ ఉంది, లక్ష్యం మీద నిలిపిన చూపు అనే అర్థమూ ఉంది. ‘గురి చూడటం’, ‘గురి కుదరడం’, ‘గురి తప్పడం’ అనే వాడుకలు విలువిద్య నాటి నుండి తుపాకి కాలం దాకా మారకుండా వచ్చాయి. చెట్టు మీది పక్షి కన్ను తప్ప మరేదీ కనిపించడం లేదన్న అర్జునుని సమాధానం ఏకాగ్రతకు ఉదాహరణగా ప్రతి తెలుగు పాఠశాలలోనూ వినిపిస్తుంది. అయితే ఆధునిక రైఫిల్ క్రీడలో శిక్షకులు చెప్పే తొలి పాఠం దీనికి భిన్నంగా ఉంటుంది. చూపు నిలపవలసింది లక్ష్యం మీద కాదు, తుపాకి కొనన ఉన్న గురి మీద. ఈ తేడా ఎందుకు వచ్చిందో అర్థమైతే గురి సాధనాల శాస్త్రంలో సగం అర్థమైనట్లే.

హైదరాబాద్ నగరానికి ఈ క్రీడలో చెప్పుకోదగిన స్థానం ఉంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో 701.1 పాయింట్లతో కాంస్య పతకం సాధించారు. ఇదే నగరానికి చెందిన ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో పిస్టల్ విభాగాలలో నాలుగు పతకాలు గెలుచుకున్నారు. గచ్చిబౌలిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం సమీపాన షూటింగ్ రేంజ్ ఉండటం వల్ల కూకట్‌పల్లి, మియాపూర్, కొండాపూర్ ప్రాంతాల విద్యార్థులకు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు ఈ క్రీడ చేరువలోనే ఉంది. కానీ గురి సాధనాల గురించిన వివరణలు ఎక్కువగా విదేశీ వేటగాళ్ళను ఉద్దేశించినవి. వాటిని చదివి ఇక్కడ సాధనం కొన్నవారికి అది రేంజ్‌లో పనికిరాకపోవచ్చు, ఒక్కొక్కసారి నియమవిరుద్ధం కూడా కావచ్చు.

2. చట్టపు పరిధి: వేట, క్రీడ

విదేశీ గ్రంథాలలో స్కోప్ గురించిన చర్చ వేటతోనే మొదలవుతుంది. హైదరాబాద్ రాజ్యానికీ వేట చరిత్ర ఉంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ (పాలన 1869–1911) పులుల వేటకు ప్రసిద్ధుడు. ఆ కాలపు పెద్ద రైఫిళ్ళలో అధికభాగం తెరచిన గురితోనే పనిచేసేవి. మంచె మీద నుండో, ఏనుగు మీద నుండో దగ్గరి దూరంలో కాల్చే పద్ధతికి అంతకు మించిన సాధనం అవసరపడలేదు.

నేటి పరిస్థితి పూర్తిగా వేరు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 9వ సెక్షన్ రక్షిత జంతువుల వేటను నిషేధిస్తుంది. ఈ చట్టం దృష్టిలో చంపడమే కాదు, పట్టడం, ఉచ్చు వేయడం, గాయపరచడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటే. మనుషుల ప్రాణానికి ప్రమాదకరంగా మారిన జంతువు విషయంలోను, కొన్ని జాతులు పంటలకు నష్టం కలిగించినప్పుడు వాటి విషయంలోను 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లిఖితపూర్వక అనుమతి ఇవ్వవచ్చు. అటువంటి అనుమతి లేని వినోదపు వేటకు తెలుగు రాష్ట్రాలలో చోటు లేదు. అందువల్ల ఇక్కడ ‘వేటగాని స్కోప్’ అనే మాటకు వర్తించే సందర్భం చాలా పరిమితం. ఆ పరిమిత సందర్భంలో కూడా సాధనం తప్పుగా ఎంచుకుంటే గాయపడిన జంతువు పొలాల్లోకో, అడవిలోకో పారిపోతుంది. జంతువుకు అది దీర్ఘబాధ, గ్రామస్థులకు మరింత ప్రమాదం.

తుపాకుల విషయంలో ఆయుధాల చట్టం, 1959, ఆయుధాల నియమావళి, 2016 వర్తిస్తాయి. 4.5 మిల్లీమీటర్లకు మించని వ్యాసం, 20 జౌళ్ళకు మించని శక్తి గల గాలి తుపాకులకు లైసెన్సు అవసరం లేదు. అయితే లైసెన్సు అక్కరలేదన్నంత మాత్రాన అది ఆటబొమ్మ కాదు. పోటీలలో వాడే ఎయిర్ రైఫిల్ నుండి అర గ్రాము పెల్లెట్ సెకనుకు దాదాపు 175 మీటర్ల వేగంతో వెలువడుతుంది. దాని శక్తి సుమారు 8 జౌళ్ళు. కంటిని పోగొట్టడానికి ఇది చాలు. అపార్ట్‌మెంట్లు ఒకదానినొకటి ఆనుకుని ఉండే కూకట్‌పల్లి వంటి ప్రాంతంలో మేడ మీద నుండో బాల్కనీ నుండో పావురాల మీదికి గురి చూడటం జీవహింసే కాక, ఎదుటి ఇంటివారికి ప్రాణాపాయం. స్కోప్‌లోంచి చూసే కన్నుకు లక్ష్యం చుట్టూ ఉన్న కొద్దిపాటి వృత్తమే కనిపిస్తుంది. దాని పక్కన ఎవరున్నారో కనిపించదు. ఏ గురి సాధనానికైనా తగిన స్థలం వెనుక అడ్డుగోడ ఉన్న రేంజ్ మాత్రమే.

3. తెరచిన గురి: మూడు దూరాల సమస్య

అన్నిటికంటె సరళమైనది తెరచిన గురి. కంటికి దగ్గరగా ఒక గాడి, గొట్టం కొనన ఒక నిలువు మొన ఉంటాయి. గాడి మధ్యలో మొనను నిలిపి, ఆ మొనను లక్ష్యంతో కలపాలి. ఇక్కడ కన్ను ఒకేసారి మూడు దూరాలను చూడవలసి వస్తుంది. గాడి కొన్ని అంగుళాల నుండి చేయిచాపు దూరం వరకు, మొన సుమారు ఒక మీటరు దూరంలో, లక్ష్యం 10 నుండి 50 మీటర్ల దూరంలో ఉంటాయి. కంటి కటకం ఒక సమయంలో ఒక దూరానికే స్పష్టంగా సర్దుకోగలదు.

ఏది స్పష్టంగా ఉండాలన్న ప్రశ్నకు లెక్క సమాధానం చెబుతుంది. గాడికీ మొనకూ మధ్య దూరం 400 మిల్లీమీటర్లు అనుకుంటే, మొన గాడి మధ్య నుండి 0.1 మిల్లీమీటరు పక్కకు జరిగినా 10 మీటర్ల వద్ద 2.5 మిల్లీమీటర్ల తప్పు వస్తుంది. ఆ దూరాన్ని 800 మిల్లీమీటర్లకు పెంచితే తప్పు 1.25 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. లక్ష్యం కాస్త మసకబారినా దాని మధ్యభాగాన్ని కన్ను అంచనా వేయగలదు. మొన మసకబారితే మాత్రం తప్పు ఇలా అనేక రెట్లు పెరుగుతుంది. అందుకే చూపును మొన మీద నిలపమని శిక్షకులు చెబుతారు.

అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య (ఐ.ఎస్.ఎస్.ఎఫ్.) పిస్టల్ పోటీలలో తెరచిన గురిని మాత్రమే అనుమతిస్తుంది. కటకాలు, అద్దాలు, లేజర్, చుక్కను చూపే సాధనాలు పిస్టల్‌కు నిషిద్ధం. ఈషా సింగ్ సాధించిన పతకాలు ఈ సరళమైన గాడి, మొనలతో వచ్చినవే. చాలామంది పిస్టల్ క్రీడాకారులు నల్లని వృత్తం మధ్యలో కాక, దాని కింది తెల్లని భాగంలో మొనను నిలుపుతారు. తెలుపు మీద నల్లని మొన అంచు స్పష్టంగా తెలియడం ఇందుకు కారణం. భారతదేశంలో పాఠశాల స్థాయి పోటీలలో ఎయిర్ రైఫిల్‌కు ‘ఓపెన్ సైట్’, ‘పీప్ సైట్’ అనే వేర్వేరు విభాగాలు ఉన్నాయి. కొత్తగా చేరే విద్యార్థి ఏ విభాగంలో పాల్గొనబోతున్నాడో తెలియకుండా సాధనం కొనడం వ్యర్థం.

4. పీప్ సైట్: కటకం లేని కచ్చితత్వం

ఐ.ఎస్.ఎస్.ఎఫ్. 10 మీటర్ల, 50 మీటర్ల రైఫిల్ పోటీలలో దూరాన్ని దగ్గర చేసి చూపే కటకాలను రైఫిల్‌కు బిగించరాదు. కంటి ముందు ఒక చిన్న రంధ్రం, గొట్టం కొనన ఒక వలయం మాత్రమే ఉంటాయి. ఇంత కచ్చితమైన రైఫిల్ క్రీడ స్కోప్ లేకుండానే సాగుతుందన్న సంగతి చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది.

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటరు. దాని చుట్టూ ఉన్న నల్లని భాగం వ్యాసం 30.5 మిల్లీమీటర్లు. సాధారణమైన మంచి చూపు గల కన్ను విడదీసి చూడగల కనీస కోణం సుమారు ఒక నిమిషం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. 10 మీటర్ల దూరంలో ఇది 2.9 మిల్లీమీటర్లకు సమానం. పది చుక్క దానిలో దాదాపు ఆరో వంతు. అంటే క్రీడాకారుడు కొట్టవలసిన చుక్క అతనికి కనిపించనే కనిపించదు.

కనిపించని చుక్కను కొట్టడం వృత్తాల సాయంతో సాధ్యమవుతుంది. వెనుక రంధ్రం మధ్యలో ముందు వలయం, వలయం మధ్యలో నల్లని లక్ష్యం, వాటి మధ్య సమానమైన తెల్లని చుట్టు కనిపించేలా రైఫిల్‌ను నిలపాలి. విడి చుక్కలను గుర్తించడంలో పరిమితి ఉన్న కన్ను, రెండు వృత్తాలు ఒకే కేంద్రంలో ఉన్నాయా లేదా అని పోల్చడంలో అంతకంటె ఎంతో సూక్ష్మంగా పనిచేస్తుంది. తెల్లని చుట్టు ఒకవైపు వెంట్రుకవాసి పలచబడినా కన్ను పసిగడుతుంది. పీప్ సైట్ ఆధారపడేది ఈ సామర్థ్యం మీదనే.

రంధ్రానికి మరో ప్రయోజనం ఉంది. సుమారు ఒక మిల్లీమీటరు వ్యాసం గల రంధ్రంలోంచి చూసినప్పుడు దగ్గరి వస్తువులు, దూరపు వస్తువులు ఏకకాలంలో దాదాపు స్పష్టంగా కనిపిస్తాయి. కెమెరాలో రంధ్రాన్ని చిన్నది చేస్తే ముందు వెనుకల స్పష్టత పెరిగే సూత్రమే ఇది. అయితే రంధ్రం మరీ చిన్నదైతే వెలుతురు తగ్గి చిత్రం మసకబారుతుంది. అందుకే రంధ్రాన్ని పెంచి తగ్గించగల ఐరిస్ అమరిక వాడతారు. రేంజ్‌లోని వెలుతురును బట్టి దానిని సర్దుకోవాలి.

ముందు వలయం ఎంపికలో కొత్తవారు పొరబడుతుంటారు. వలయం ఎంత బిగుతుగా ఉంటే గురి అంత కచ్చితంగా ఉంటుందనుకుంటారు. వాస్తవంలో తెల్లని చుట్టు మరీ సన్నగా ఉంటే రైఫిల్ సహజమైన కదలికకు నల్లని వృత్తం పదేపదే వలయాన్ని తాకుతూ కనిపిస్తుంది. క్రీడాకారుడు కంగారుపడి ట్రిగ్గర్‌ను లాగుతాడు. మొదటి దశలో కాస్త పెద్ద వలయంతో అభ్యసించి, నిలకడ కుదిరిన కొద్దీ తగ్గించుకోవడం మేలు.

5. కోణమానం: కోణ నిమిషం, మిల్

గురి సాధనం దిద్దుబాటును పొడవులో కాక కోణంలో కొలుస్తారు. ఒకే కోణం దూరం పెరిగిన కొద్దీ ఎక్కువ పొడవును ఆక్రమించడం దీనికి కారణం. రెండు కొలమానాలు వాడుకలో ఉన్నాయి.

మొదటిది కోణ నిమిషం. దీనిని క్రీడాకారులు ఎం.ఓ.ఏ. అంటారు. ఇది 10 మీటర్ల వద్ద 2.9 మిల్లీమీటర్లు, 50 మీటర్ల వద్ద 14.5 మిల్లీమీటర్లు, 100 మీటర్ల వద్ద 29 మిల్లీమీటర్లు. రెండవది మిల్, అంటే రేడియన్‌లో వెయ్యో వంతు. ఇది 100 మీటర్ల వద్ద 10 సెంటీమీటర్లు. మీటర్లలో లెక్కించే అలవాటున్న భారతీయ వాడుకరికి మిల్ సులభం. చాలా మిల్ స్కోప్‌లలో ఒక క్లిక్ 0.1 మిల్, అంటే 100 మీటర్ల వద్ద సరిగ్గా ఒక సెంటీమీటరు.

పావు ఎం.ఓ.ఏ. క్లిక్ గల స్కోప్‌తో 50 మీటర్ల దూరంలో ఐదు గుళ్ళు కాల్చగా, వాటి మధ్యబిందువు లక్ష్యానికి 30 మిల్లీమీటర్లు కిందుగా, 15 మిల్లీమీటర్లు ఎడమగా ఉందనుకుందాం. ఆ దూరంలో ఒక క్లిక్ 3.6 మిల్లీమీటర్లు. కనుక పైకి 8 క్లిక్‌లు, కుడికి 4 క్లిక్‌లు తిప్పాలి. ఒక్క గుండు పడిన చోటును చూసి దిద్దరాదు. ఒక్క గుండులో కాల్చినవారి పొరపాటు కూడా కలిసి ఉంటుంది. గుళ్ళ గుంపు మాత్రమే సాధనం స్థితిని తెలుపుతుంది. నిలువు దిద్దుబాటు, అడ్డ దిద్దుబాటు ఒక్కొక్కటిగా చేసి సరిచూసుకోవడం సురక్షితం. అలాగే కొలమానం ఒకటి, లోపలి గీతల కొలమానం మరొకటిగా ఉన్న స్కోప్ కొనరాదు. గీతలు మిల్‌లలో, క్లిక్‌లు ఎం.ఓ.ఏ.లో ఉంటే ప్రతి దిద్దుబాటుకూ గుణకారం చేయవలసి వస్తుంది.

6. స్కోప్ మీది అంకెల అర్థం

టెలిస్కోపిక్ స్కోప్‌లో ప్రధానంగా వస్తు కటకం, చిత్రాన్ని నిటారుగా తిప్పే కటకాల అమరిక, గురి గీతలు చెక్కిన రెటికిల్, అక్షి కటకం ఉంటాయి. దీని అసలు ప్రయోజనం పెద్దదిగా చూపడం ఒక్కటే కాదు. గురి గీతలను, లక్ష్యాన్ని ఒకే తలంలోకి తెచ్చి, పైన చెప్పిన మూడు దూరాల సమస్యను తొలగించడం దాని ముఖ్య గుణం. వయసు మీద పడి దగ్గరి చూపు తగ్గినవారికి స్కోప్ సుఖంగా ఉండటానికి కారణం ఇదే.

‘3-9x40’ అని రాసి ఉంటే ఆవర్ధనం 3 రెట్ల నుండి 9 రెట్ల వరకు మార్చుకోవచ్చని, వస్తు కటకం వ్యాసం 40 మిల్లీమీటర్లని అర్థం. కటకం వ్యాసాన్ని ఆవర్ధనంతో భాగిస్తే కంటి వైపు వెలువడే వెలుగు వృత్తం వ్యాసం వస్తుంది. దీనిని ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. 40 మిల్లీమీటర్ల కటకాన్ని 4 రెట్ల వద్ద వాడితే ఇది 10 మిల్లీమీటర్లు, 10 రెట్ల వద్ద వాడితే 4 మిల్లీమీటర్లు. చీకటిలో యువకుల కనుపాప 7 మిల్లీమీటర్ల వరకు తెరుచుకుంటుంది, పెద్దవారిలో 5 మిల్లీమీటర్లకు పరిమితం కావచ్చు. కనుపాప కంటె వెలుగు వృత్తం చిన్నదైతే దృశ్యం మసకబారుతుంది, పెద్దదైతే అదనపు వెలుగు వృథా. యూరప్‌లో సంధ్యవేళ వేటకు 8x56 స్కోప్‌లు ప్రసిద్ధి పొందడానికి కారణం వాటి వెలుగు వృత్తం సరిగ్గా 7 మిల్లీమీటర్లు కావడమే. పట్టపగలు రేంజ్‌లో కాల్చేవారికి అంత బరువైన కటకంతో పని లేదు.

ఆవర్ధనం పెరిగితే కనిపించే మేర తగ్గుతుంది, చేతి వణుకు కూడా పెద్దదిగా కనిపిస్తుంది. కదిలే లక్ష్యాల 10 మీటర్ల పోటీకి ఐ.ఎస్.ఎస్.ఎఫ్. స్కోప్‌ను అనుమతిస్తూనే దానిని 4 రెట్లకు పరిమితం చేసింది.

గాజు నాణ్యత మరో ముఖ్యాంశం. పూత లేని గాజు ఉపరితలం తన మీద పడిన వెలుగులో సుమారు 4 శాతాన్ని వెనక్కి పంపుతుంది. ఒక స్కోప్‌లో అటువంటి ఉపరితలాలు పది ఉంటే మూడింట రెండు వంతుల వెలుగు మాత్రమే కంటికి చేరుతుంది. 1935లో జర్మనీలోని జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మకులా కనుగొన్న పలుచని పూత ఈ నష్టాన్ని బాగా తగ్గించింది. రెండు కటకాల సంఖ్యలూ సమానమైన స్కోప్‌ల మధ్య ధరలో పెద్ద తేడా ఉంటే, ఆ తేడా చాలావరకు గాజు, పూత, క్లిక్ యంత్రాంగాలలో ఉంటుంది.

ఈ విద్య తెలుగు నేలకు కొత్త కాదు. 1926లో మచిలీపట్నంలో స్థాపితమైన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ శాస్త్ర పరికరాల తయారీలో పేరుగాంచింది. 1983లో దానిని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ స్వాధీనం చేసుకుంది. నేడు ఆ కర్మాగారం రక్షణ దళాలకు రాత్రిపూట చూపునిచ్చే సాధనాలను తయారుచేస్తుంది.

రెటికిల్ ఉండే చోటును బట్టి స్కోప్‌లు రెండు రకాలు. మొదటి నాభీయ తలంలో ఉంటే ఆవర్ధనంతో పాటు గీతలూ పెరుగుతాయి, కొలత ఎప్పుడూ మారదు. రెండవ తలంలో ఉంటే గీతల మందం స్థిరంగా కనిపిస్తుంది, కాని గీతల మధ్య కొలత ఒక నిర్ణీత ఆవర్ధనం వద్ద మాత్రమే సరిపోతుంది. తెలిసిన ఒకే దూరంలో కాల్చేవారికి తక్కువ ధర గల రెండవ రకం చాలు.

7. పారలాక్స్: తక్కువ దూరంలో పెద్ద తప్పు

స్కోప్ ఎంపికలో అతి తక్కువగా అర్థమయ్యే అంశం పారలాక్స్. లక్ష్యం చిత్రం రెటికిల్ తలంలోనే ఏర్పడకపోతే, కన్ను కాస్త పక్కకు జరిగినప్పుడు గీతలు లక్ష్యం మీద జరిగినట్లు కనిపిస్తాయి. బస్సులో డ్రైవరుకు, పక్క సీటు ప్రయాణికునికి వేగం చూపే ముల్లు వేర్వేరు అంకెల మీద కనిపించడం ఇటువంటిదే.

సాధారణ రైఫిల్ స్కోప్‌లలో చాలావాటిని 100 గజాల (91 మీటర్ల) దూరానికి పారలాక్స్ లేకుండా కర్మాగారంలోనే అమరుస్తారు. అటువంటి 40 మిల్లీమీటర్ల స్కోప్‌ను 10 మీటర్ల గాలి తుపాకికి బిగించి, కంటిని కటకం అంచు దాకా జరిపి చూస్తే గరిష్ఠంగా వచ్చే తప్పు ఇలా తేలుతుంది: కటకం వ్యాసార్ధం 20 మిల్లీమీటర్లను దూరాల తేడా 81తో గుణించి 91తో భాగిస్తే సుమారు 18 మిల్లీమీటర్లు. ఎయిర్ రైఫిల్ లక్ష్యపు నల్లని భాగం వ్యాసార్ధమే 15 మిల్లీమీటర్లు. అంటే గీతలు సరిగ్గా నడుమ ఉన్నట్లు కనిపిస్తూనే గుండు నలుపు దాటి పడవచ్చు. కాల్చినవారు తప్పును తమ చేతిలోనో, తుపాకిలోనో వెదుకుతారు. ఆ తప్పు స్కోప్ అమరికలో ఉంటుంది.

కనుక తక్కువ దూరానికి స్కోప్ వాడదలచినవారు 10 మీటర్ల వరకు దించి సర్దుకోగల పారలాక్స్ అమరిక ఉన్నదానినే ఎంచుకోవాలి. దానితోపాటు ప్రతిసారీ చెంప ఒకే చోట ఆనేలా చీక్‌పీస్‌ను అమర్చుకోవాలి. స్ప్రింగ్‌తో పనిచేసే గాలి తుపాకి మొదట వెనక్కి, వెంటనే ముందుకు తన్నుతుంది. ముందుకు వచ్చే తన్నును తట్టుకునేలా రూపొందని స్కోప్‌లో కటకాలు, రెటికిల్ సడలిపోవచ్చు. పెద్ద రైఫిళ్ళను తట్టుకున్న స్కోప్ చిన్న గాలి తుపాకి మీద చెడిపోవడానికి కారణం ఇదే.

8. ఎర్రచుక్క గురి

ఒక చిన్న దీపపు కాంతిని వంపు గాజు మీద ప్రతిఫలింపజేసి, ఆ చుక్క దూరాన తేలుతున్నట్లు చూపడం దీని సూత్రం. ఈ ప్రతిబింబ సూత్రానికి 1900లో ఐర్లండ్‌కు చెందిన హోవర్డ్ గ్రబ్ పేటెంటు పొందారు. 1975లో స్వీడన్‌లోని ఎయిమ్‌పాయింట్ సంస్థ ఎలక్ట్రానిక్ చుక్క గల గురిని విపణిలోకి తెచ్చింది. ఇందులో ఆవర్ధనం లేదు. రెండు కళ్ళూ తెరచి త్వరగా గురి కుదుర్చుకోవచ్చు. అయితే 2 ఎం.ఓ.ఏ. చుక్క 100 మీటర్ల వద్ద 58 మిల్లీమీటర్ల మేర కప్పివేస్తుంది. త్వరితంగా కాల్చే పోటీలకు తగినది గాని, సూక్ష్మమైన లక్ష్యానికి తగినది కాదు. ఐ.ఎస్.ఎస్.ఎఫ్. పిస్టల్ పోటీలలో దీనికి ప్రవేశం లేదు.

9. కన్ను: మరచిపోయే సాధనం

ఏ సాధనమైనా కంటితోనే ముగుస్తుంది. మొదట ఏ కన్ను బలమైనదో తేల్చుకోవాలి. రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి, చేతులు చాపి, దూరపు వస్తువును రెండు కళ్ళతో అందులోంచి చూడాలి. తరువాత ఒక్కొక్క కన్ను మూయాలి. ఏ కన్ను తెరచి ఉన్నప్పుడు వస్తువు కదలకుండా ఉంటుందో అది బలమైన కన్ను. కుడిచేతివాటం ఉన్నవారికి ఎడమ కన్ను బలమైనదైతే శిక్షకునితో ముందే చర్చించుకోవాలి.

రెండవ కంటిని గట్టిగా మూసి ఉంచడం వల్ల ముఖ కండరాలు అలసి, చూసే కన్ను కూడా వణుకుతుంది. దానికి బదులు వెలుతురు సోకే తెల్లని అడ్డు వాడతారు. పోటీ నియమాల ప్రకారం దాని వెడల్పు 30 మిల్లీమీటర్లు మించరాదు.

రోజంతా తెర ముందు పనిచేసి సాయంత్రం రేంజ్‌కు వచ్చేవారి కళ్ళు దగ్గరి దూరానికి అలవాటుపడి అలసి ఉంటాయి. కాల్చే ముందు కొద్దిసేపు దూరాన్ని చూస్తూ విశ్రాంతి తీసుకోవడం అవసరం. కళ్ళజోడు వాడేవారు మరో విషయం గమనించాలి. రైఫిల్‌ను భుజానికి ఆనించినప్పుడు తల వంగి, చూపు కటకం మధ్య నుండి కాక అంచు నుండి సాగుతుంది. అందుకే కటకాన్ని చూపుకు ఎదురుగా తిప్పగల షూటింగ్ కళ్ళజోడు ఉపయోగపడుతుంది. ముందు గురి ఒక మీటరు దూరంలో ఉంటుంది కనుక, నలభై దాటినవారికి దూరపు చూపు సంఖ్యకు సుమారు అర డయాప్టర్ కలిపిన కటకం తరచుగా సరిపడుతుంది. కంటి వైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు ఈ దూరాన్ని కొలిచి చెప్పడం మంచిది.

10. ఎంపిక క్రమం

పై చర్చను బట్టి కొనుగోలుకు ముందు ఈ క్రమాన్ని పాటించవచ్చు.

1. నియమం: పాల్గొనబోయే పోటీ ఏది? రైఫిల్ 10 మీటర్లు, 50 మీటర్లు అయితే పీప్ సైట్. పిస్టల్ అయితే తెరచిన గురి. పాఠశాల పోటీ అయితే విభాగాన్ని ముందే తెలుసుకోవాలి.
2. దూరం: స్కోప్ అనుమతి ఉన్న సందర్భంలో, పారలాక్స్ ఆ దూరానికి సర్దుబాటు అవుతుందా?
3. తుపాకి: అది తన్నే తీరును స్కోప్, దాని పట్టీలు తట్టుకుంటాయా?
4. కన్ను: చూపు పరీక్ష ఇటీవల జరిగిందా? బలమైన కన్ను ఏది?
5. వెలుతురు: వాడే వేళకు తగిన వెలుగు వృత్తం వస్తుందా?
6. కొలమానం: గీతలు, క్లిక్‌లు ఒకే కొలమానంలో ఉన్నాయా?
7. ఆవర్ధనం: పై ఆరు తేలిన తరువాత మిగిలిన వాటిలో అవసరమైనంత.

సాధ్యమైతే తొలి కొన్ని నెలలు రేంజ్‌లో ఉండే సాధనాలతోనే అభ్యసించి, తరువాత సొంత సాధనం కొనడం వల్ల కుటుంబాల మీద అనవసర భారం తగ్గుతుంది.

11. ముగింపు

గురి సాధనం కాల్చేవారి నైపుణ్యాన్ని పెంచదు, వారి తప్పును తగ్గించడానికి మాత్రమే తోడ్పడుతుంది. లండన్‌లో గగన్ నారంగ్ అర్హత దశలో 600 పాయింట్లకు 598 సాధించినది కటకం లేని రంధ్రం, వలయాలతోనే. కనిపించని చుక్కను, కనిపించే వృత్తాల పొందికతో చేరుకోవడమే ఈ క్రీడ రహస్యం. స్కోప్ విలువైన సాధనమే, కాని దాని ఆవర్ధనం అంకె కంటె పారలాక్స్, వెలుగు వృత్తం, గాజు నాణ్యత ముఖ్యమైనవి. దూరం, నియమం, కన్ను అనే మూడింటిని ముందుగా తేల్చుకున్నవారు తక్కువ ఖర్చుతో సరైన సాధనాన్ని ఎంచుకోగలుగుతారు. చట్టాన్ని, ఎదుటివారి భద్రతను గౌరవించడం వీటన్నిటికంటె ముందుండవలసిన గురి.